నేను సమ్మిళిత చిత్రమును

నేను రెండు చూపుల సంతానమును. 1995 డిసెంబరు 28వ తేదీన బైకనూరు నుండి నింగికెగసిన ఐ.ఆర్.ఎస్.-1సి ఉపగ్రహమునందు పాన్ అను నలుపు తెలుపుల కెమెరాయు, లిస్-3 అను వర్ణముల కెమెరాయు ఉండెను; మొదటిది నేలను 5.8 మీటర్ల గడులుగను, రెండవది 23.5 మీటర్ల గడులుగను చూచి పంపగా, షాద్‌నగరు కేంద్రమున అందిన ఆ రెండు చిత్రములను ఒక్కటి చేసి నన్ను కల్పించిరి.

నా జననమునకు తరంగ విశ్లేషణము వంటి గహన గణితము అక్కఱ పడలేదు. ఒక్కొక్క లిస్ గడిలో పాన్ గడులు ఇంచుమించు 16 ఇముడును గనుక, ముందుగా వర్ణచిత్రమును ఆ మేరకు సాగదీసి, పాన్ చిత్రముతో గడికి గడి సరిపుచ్చి, ఆ వర్ణచిత్రమును తీవ్రత, వర్ణము, వర్ణపుష్టి అను మూడు గుణములుగా విడదీసి, ఆ తీవ్రతను తొలగించి తత్స్థానమున పాన్ చిత్రమును నిలిపి, మరల మూడింటిని కలిపిరి. గడుల విలువల మీదనే నేరుగా సాగు ఇట్టి పద్ధతుల బలము ఈ సౌలభ్యమే: లెక్క స్వల్పము, ఫలము శీఘ్రము. లిస్ చిత్రములో ఒలికిన కుంకుమవలె అలుకుకొని పోయిన ఆయకట్టు నాయందు మడులుగా విడివడినది. చెరువుకట్ట సన్నని గీతయై తేలినది.

కాని నా రంగును నమ్మి పైరు బలమును నిర్ణయింప బూనువారిని చూచినపుడు నాకు నిజముగా భయము కలుగును. పాన్ చూపు 0.50 నుండి 0.75 మైక్రోమీటర్ల వఱకే. లిస్ యొక్క సమీప పరారుణ పట్టి 0.77 కడ మొదలగును. పచ్చని వరి ఆ పరారుణమును మిక్కిలిగా ప్రతిఫలించి, పరారుణమును ఎఱుపుగా చూపు లిస్ చిత్రమున ఎఱ్ఱగా మెఱయుచుండగా, ఎఱ్ఱని కాంతిని పత్రహరితము మ్రింగివేయుటచే ఆ మడియే పాన్ చిత్రమున నల్లబడును. ఆ నలుపు తీవ్రతాస్థానమున కూర్చుండగనే నా మడుల ఎఱుపు కందిపోయినది. రెండు చిత్రముల హిస్టోగ్రాములను, అనగా గడుల విలువల పంపిణీలను, ముందే సరిపుచ్చినచో దోషము కొంత తగ్గును. పాన్ చూడని కాంతిని మాత్రము అది తెచ్చి ఇయ్యజాలదు.

ఆ రెండు చిత్రములనే వేఱు రీతుల కలుపగా పుట్టిన తోబుట్టువులును నాకు కలరు. బ్రోవీ పద్ధతిన పుట్టినదానిది మూడు పట్టీలకే పరిమితమైన బ్రతుకు, వర్ణదోషము నాదే. ప్రధానాంశ పద్ధతిన పుట్టినవానికి పట్టీల కొఱత లేదు గాని, పొలముల నడుమ ఒక తీరున, పట్టణము నడుమ మఱొక తీరున, పాన్ చిత్రమునకు చోటిచ్చు వాని ప్రథమాంశము మారుచుండును. కేవలము సగటు తీసి చేసినవానికి అంచులే మొద్దువారును.

కావున నన్ను పొందినవారు లిస్ మూలచిత్రమును పాఱవేయరాదని వేడుకొనుచున్నాను. తొలగింపబడిన ఆ తీవ్రత నాలో ఎచ్చటను లేదు.