గోడగారూ, తర్వాతేమైంది?

మన నగరాల్లో గోడలు కథలు చెబుతున్నాయట. ఫ్లైఓవర్ స్తంభం మీద నెమలిని వేసినా ఇదే మాట, చెరువు గట్టు ప్రహరీ మీద తామరపూలు వేసినా ఇదే మాట, కళ్లు మూసుకున్న అమ్మాయి జుట్టులోంచి అడవి మొలిచినా ఇదే మాట. ప్రారంభోత్సవంలో మైకు అందుకున్న ప్రతివారూ గోడ వైపు చెయ్యి చాపి, ఇకనుంచి ఇది మన కథ చెబుతుందంటారు. గోడ కిక్కురుమనదు. కింద చప్పట్లు మోగుతాయి.

బొమ్మల మీద నాకే కోపమూ లేదు. పెచ్చులూడిన గోడ కంటే నెమలి ఉన్న గోడ నయం. పేచీ అంతా ఆ ఉపన్యాసంతోనే. కథ ఎలా ఉంటుందో నిద్రకి మారాం చేసే పిల్లకి కూడా తెలుసు. ఒకడుండాలి, వాడికేదో కావాలి, ఎవడో అడ్డం పడాలి, వినేవాళ్లు "తర్వాత?" అనాలి. ఈ నెమలికి ఏం కావాలి? ఎవరు అడ్డం పడ్డారు? పింఛం విప్పింది సరే, తర్వాతేమైంది? తర్వాత రెండో స్తంభం వస్తుంది. దాని మీద ఇంకో నెమలి ఉంటుంది.

పోనీ కథ ఉందనే అనుకుందాం. చదివేదెప్పుడు? గంటకి 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి 11 మీటర్లు దాటుతుంది. రెండు మీటర్ల స్తంభం మన ఎదుట ఉండేది సెకనులో అయిదో వంతు కూడా కాదు. ఫ్లైఓవర్ కింద కథ బుర్రకెక్కాలంటే ట్రాఫిక్ జామ్ కావాలి. ఆ ఏర్పాటులో మాత్రం మన నగరాలు ఏ లోటూ రానివ్వలేదు.

హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేని 2009లో తెరిచారు. దాని స్తంభాలకి నంబర్లు వేశారు. ఆ నంబర్లే ఇప్పుడు అత్తాపూర్ చిరునామాలు. శుభలేఖల మీద, టిఫిన్ సెంటర్ బోర్డుల మీద, స్కాన్ కాగితాల మీద "పిల్లర్ నంబర్ ఫలానా ఎదురుగా" అని ఉంటుంది. అంటే ఏ చిత్రకారుడి చెయ్యీ పడని ఒట్టి అంకె పెళ్లిళ్లకీ రోగాలకీ దారి చూపిస్తోంది. "మూడో నెమలి దాటాక ఎడమవైపు" అని ఎవరైనా చెప్పగా విన్నారా?

ఈ రంగుల హడావుడి ఎక్కడిదో తెలుసుకోవడానికి పెద్దగా తవ్వక్కర్లేదు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలైంది. 2016లో స్వచ్ఛ సర్వేక్షణ్ పేరుతో నగరాలకి ర్యాంకులొచ్చాయి. ర్యాంకులన్నాక మనవాళ్ల సంగతి చెప్పేదేముంది! చెత్త ఎత్తాలంటే లారీ కావాలి, డ్రైవరు కావాలి, డంపింగ్ యార్డుకి చోటు కావాలి, ఆ చోటి జనంతో తగువు పడాలి. గోడకి రంగు వేయడానికి రంగు చాలు. కాబట్టి చెత్తకుప్ప వెనకున్న గోడ మీద గాంధీగారి కళ్లద్దాలు వెలిశాయి. కుప్ప అక్కడే ఉంది, పెరుగుతోంది. ఆయన చూస్తూనే ఉన్నారు.

బొమ్మతో కథ చెప్పడం మనకి చేతకాక ఈ తిప్పలంటే సరిపెట్టుకోవచ్చు. చేతకాకపోవడమేమిటి! ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు గుడ్డకి గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూత పూసి, అది ఆరాక ఎర్రటి నేపథ్యం మీద పురాణమంతా గడులు గడులుగా దింపేవారు. వెడల్పు మూడడుగులైతే పొడవు ముప్ఫై, నలభై, ఒక్కోసారి అరవై అడుగులు. వేసేది వాళ్లు, చెప్పేది వేరొకరు. పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వారు. మాదిగలకి జాంబ పురాణం చెప్పేది డక్కలి వారు. ముదిరాజులకి పాండవుల కథ చెప్పేది కాకి పడగల వారు. ఏ ఊళ్లు ఎవరివో తరతరాల మిరాశీ. పొద్దుగూకాక పటం వేలాడదీసి, చుట్ట కొంచెం కొంచెం విప్పుతూ, కర్రతో బొమ్మని చూపిస్తూ, పాటా మాటా కలిపి రాత్రుల తరబడి నడిపించేవారు.

కిటుకు రంగులో లేదు, చుట్టలో ఉంది. విప్పిన గడిలో రాజు కొలువు తీరి ఉంటాడు. తర్వాతి గడి ఇంకా చుట్టలోనే ఉంటుంది. అందులో ఏముందో తెలిసినవాడు సరిగ్గా అప్పుడే గొంతు సవరించుకుంటాడు, వంతపాటగాళ్ల వైపు తిరుగుతాడు, దరువు సాగదీస్తాడు. కూర్చున్నవాళ్లు ఉండబట్టలేక ముందుకి జరుగుతారు. అప్పుడు విప్పుతాడు. గోడకి ఈ చుట్ట లేదు. అంతా ఒకేసారి కనిపిస్తుంది. చెప్పే మనిషి లేకపోతే కనిపించిందే ఆఖరు.

ఇంత తెలిసినవాళ్లం ఏం చేశాం? చుట్టంతా విప్పి, కథ దులిపేసి, అందులోంచి డోలు వాయించేవాణ్ని, కుండ ఎత్తుకున్న ఆడమనిషిని, తాటిచెట్టుని కత్తిరించుకొచ్చి స్తంభానికి అంటించాం. ఇది చేర్యాల శైలి అని చాటుకున్నాం. ఆ డోలు ఎవరి పెళ్లికి మోగుతోంది, ఆ కుండలో కల్లుందా నీళ్లున్నాయా, చెప్పేవాడు లేడు. చెప్పేవాళ్ల బృందాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. పటాలు వేసిన చేతులు మాస్కులూ కీచైన్లూ చేసుకుంటున్నాయి. కథకుణ్ని ఇంటికి పంపేసి కథని సన్మానించడంలో మనల్ని మించినవాళ్లు లేరు.

లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వెళ్లినవాళ్లు మెడ నొప్పెట్టే దాకా పైకప్పు చూసి వస్తారు. అచ్యుతదేవరాయల కాలపు పని అది, 16వ శతాబ్దం. ద్రౌపది స్వయంవరం, కిరాతార్జునీయం, గౌరీ కల్యాణం వరసగా సాగుతాయి. వాటిలో మనునీతి చోళుడి కథ కూడా ఉంది. రాకుమారుడి రథం కింద పడి లేగదూడ చచ్చిపోయింది. తల్లి ఆవు వెళ్లి రాజుగారి వాకిట్లో న్యాయఘంట లాగింది. రాజు విచారించాడు. కొడుకైతే ఏం, వాణ్నీ అదే రథం కింద వేయండన్నాడు.

మన రోడ్లకి ఇంతకంటే అతికిన కథ ఉందా? పెద్దింటి కుర్రాడు, ఒళ్లు తెలియని వేగం, రోడ్డు మీద చావు, గడప దాకా వచ్చిన తల్లి. నాలుగైదు స్తంభాల్లో తేలిపోతుంది. జూబ్లీహిల్స్‌లో వేయించండి, సిగ్నల్ దగ్గర ఆగిన జనం ఫోన్లోంచి తలెత్తకపోతే నన్నడగండి. వేయించరు. మొదటి గడి చూపిస్తే కమిటీ తల ఊపుతుంది. మూడో గడి దగ్గర ఒకరు దగ్గుతారు. ఆఖరి గడి దగ్గర అందరికీ వేరే మీటింగులు గుర్తొస్తాయి. మరీ పట్టుబడితే రథం తీసేసి దూడని ఉంచమంటారు. దూడ ముద్దుగా ఉంది, కింద కాస్త పచ్చగడ్డి వేయండి, తోకమీద ఒక సీతాకోకచిలుక ఉంటే ఇంకా బాగుంటుంది.

అదే గుడిలో ఒక గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. కోశాధికారి విరుపణ్ణ రాజుగారి అనుమతి లేకుండా ఖజానా సొమ్ముతో గుడి కట్టించాడని అభియోగం వచ్చిందట, రాజు శిక్షించకముందే తన కళ్లు తానే పెరికి ఆ గోడకేసి కొట్టాడట. అది కట్టుకథే అనుకోండి. అక్కడ బొమ్మ లేదు, రంగు లేదు. ఉన్నవల్లా రెండు మరకలు, పక్కన చెప్పే మనిషి ఒకడు. వినేవాళ్లు నోరు తెరుచుకుని నిలబడతారు. ప్రజాధనం, అనుమతి, ఆడిట్ అనేవి గోడ దగ్గర ఇంత గొప్ప కథ కాగలవని మన సుందరీకరణ విభాగాలకి తెలియకపోవడమే క్షేమం.

బొమ్మలు వేసేవాళ్లనేమీ అనను. సినిమా బ్యానర్లూ దుకాణం బోర్డులూ రాసుకుని బతికినవాళ్లని ఫ్లెక్స్ వచ్చి రోడ్డున పడేసింది. ఫైన్ ఆర్ట్స్ చదువుకున్న పిల్లలకి ఈ గోడలు నాలుగు నెలల అద్దె. వాళ్లకి కొలత చదరపు అడుగుల్లో ఉంటుంది. బిల్లులో ప్రైమర్‌కి గడి ఉంది, పెయింటుకి ఉంది, పరంజాకి ఉంది. దూడ చావుకి గడి లేదు.

నిజంగా కథ చెప్పే గోడని గుర్తుపట్టడం తేలిక. డబ్బిచ్చినవాడికి నిద్ర ఉండదు. 1933లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో చిత్రకారుడు డియేగో రివేరా గోడ మీద లెనిన్ ముఖం పెట్టాడు. తీసెయ్యమన్నారు, తీయనన్నాడు. ఒప్పుకున్న డబ్బంతా చేతిలో పెట్టి బయటికి పంపారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చిత్రాన్ని పగలగొట్టేశారు. ఆయన మెక్సికో సిటీకి వెళ్లి అదే మళ్లీ వేశాడు, ఈసారి మందు గ్లాసు పట్టుకున్న రాక్‌ఫెల్లర్ గారిని కూడా కలిపి. అంతకు ముందు 1932లో లాస్ ఏంజెలెస్‌లో సికేరోస్ అనే ఇంకో చిత్రకారుడికి ఉష్ణమండల అమెరికా వేయమని గోడ అప్పజెప్పారు. అరటాకులూ చిలకలూ వస్తాయనుకున్నారు. గద్ద కింద శిలువకి కట్టేసిన ఆదివాసీ వచ్చాడు. కొన్నాళ్లకే సున్నం కొట్టేశారు. మన నెమళ్లకి ఆ భయం లేదు. వాటి మీద సున్నం పడేది తర్వాతి ప్రారంభోత్సవానికే.

చెన్నైలో కన్నగి నగర్ అని ఒక కాలనీ ఉంది. నది ఒడ్డున, కాలవ గట్టున గుడిసెలు వేసుకున్నవాళ్లని 2000 నుంచి తెచ్చి ఊరికి దూరంగా చిన్న చిన్న గదుల్లో పెట్టారు. 2020 నాటికి ఆ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వచ్చాయి. నవ్వుతున్న పిల్లల ముఖాలు, అయిదారు వీధుల అవతల నుంచి కూడా కనబడేంతవి. బాగున్నాయి, కాదనను. ఆ వాడ పేరు చెబితే పని ఇవ్వనివాళ్లు ఫోటోల కోసం రావడం కూడా మంచిదే. కానీ గోడలకి అంత కథలు చెప్పే గొంతే ఉంటే మొదట చెప్పాల్సిన ముక్క ఒకటుంది కదా, వీళ్లనిక్కడికి ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అని. ఆ ముక్క చెప్పిన గోడ ఒకటుంది, దానికి రంగు కూడా అక్కర్లేకపోయింది. 2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు వస్తున్నాడని అహ్మదాబాద్ విమానాశ్రయం దారిలో మురికివాడ ముందు ఇటుకలు పేర్చి కట్టారు.

ఆ మధ్య రెక్కల బొమ్మలొకటి. 2012లో లాస్ ఏంజెలెస్‌లో కోలెట్ మిల్లర్ వేసిన జత ఊరూరా పిల్లలు పెట్టి మన కాఫీ షాపుల దాకా వచ్చింది. మధ్యలో మనం నిలబడాలి, ఫోటో దిగాలి, ఎగరకుండా బిల్లు కట్టి వెళ్లాలి.

సర్కారుకీ ఒకప్పుడు గోడతో కథ చెప్పడం వచ్చు. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, పక్కన నాలుగు ముఖాలు: నాన్న, అమ్మ, బాబు, పాప. కింద ఒక్క వాక్యం. అంత పొట్టి నవల మళ్లీ రాలేదు. నచ్చినా నచ్చకపోయినా ఊరందరికీ అర్థమైంది. అరుగుల మీద తగువులయ్యాయి, అత్తలు నొచ్చుకున్నారు, అయిదో బిడ్డకి తండ్రైనవాడు ఆ గోడ దగ్గరకొచ్చేసరికి సైకిల్ తొక్కుడు పెంచాడు.

ఇప్పుడు కథలన్నీ అనుమతి లేని గోడల మీద ఉన్నాయి. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును, శాకాహారులకు మాత్రమే" అన్న కాగితంలో ఒక కులపురాణం మొత్తం ఉంది. "ఈ స్థలం కోర్టు వివాదంలో ఉన్నది, కొన్నవారు నష్టపోదురు" అంటే అందులో ఇద్దరు అన్నదమ్ములు, ఒక వీలునామా, నోరు విప్పని వదిన ఉన్నారు. "ఇక్కడ మూత్రం పోయరాదు" అని బతిమాలిన గోడ, తర్వాత బెదిరించిన గోడ, ఆఖరికి వేంకటేశ్వరుణ్ని, ఏసుప్రభువుని, మక్కాని వరసగా టైల్స్‌లో అతికించుకుని సర్వమత సామరస్యం సాధించిన గోడ, ఒక్కటే గోడ. మూడంకాల నాటకం. సుందరీకరణ వాళ్లు వచ్చి తుడిచేసేది వీటినే. వివాదంలో ఉన్న స్థలం మీద ఇప్పుడు నెమలి ఆడుతోంది. పాపం ఎవరో కొనేస్తారు కూడా.

సలహా ఇవ్వకుండా తిట్టే రకం కాదు నేను. వచ్చే టెండరులో పెయింటు డబ్బాల పక్కన ఒక వరస కలపండి: నాలుగు స్తంభాలకి ఒక కథకుడు. పటం కథలు చెప్పే బృందాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి, వాళ్లని పిలవండి. సిగ్నల్ దగ్గర నీడ, మైకు, నెల నెలా జీతం ఇవ్వండి. ఎర్రలైటు ఉన్నంతసేపు కథ నడుస్తుంది. పచ్చలైటు పడేసరికి రథం సరిగ్గా దూడ మీదికి వస్తుంటుంది. కొందరు కదలరు, వెనక హారన్లు మోగుతాయి. మర్నాడు వేరే దారిన పోవాల్సినవాళ్లు కూడా అటే వస్తారు. మూడో రోజుకి చలానా రాస్తున్న కానిస్టేబుల్ పెన్ను ఆపి, ఇంతకీ ఆ కుర్రాణ్ని వదిలేశారా, ఎవరి కొడుకు అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయన్ని బదిలీ చేయకుండా ఉండేలా టెండరు షరతుల్లో ఇంకో లైను కూడా రాయించండి.