అపరిమితం కంటే కాస్త పెద్ద ప్లాను

వెబ్ హోస్టింగ్ వ్యాపారం, అంటే పరుల వెబ్‌సైటును తన సర్వర్ మీద ఉంచి, చూడవచ్చినవారికల్లా అందించి, అందుకు అద్దె పుచ్చుకునే వ్యాపారం, గణితశాస్త్రానికి చేసిన సేవ ఇంతవరకు తగిన గుర్తింపునకు నోచుకోలేదు. అనంతాన్ని నెలకు వంద రెండు వందల రూపాయలకు, అదీ మొదటి ఏడాది రాయితీ పోను, అమ్మవచ్చునని నిరూపించిన ఘనత ఈ రంగానిదే. "అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్" అని ఆ సరుకుకు పేరు.

బ్యాండ్‌విడ్త్ అనేది ఇంజనీర్ల లెక్కలో వేగం: ఒక తీగ గుండా సెకనుకు ఎన్ని బిట్లు పోగలవన్నది. హోస్టింగ్ ప్రకటనల్లో మాత్రం అది నెల మొత్తం మీద సైటు నుంచి బయటికి పోయే డేటా పరిమాణంగా చలామణీ అవుతోంది. ఈ రెండూ ఒకదానికొకటి కట్టుబడినవి. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు 1 మెగాబిట్ వేగంతో 30 రోజులు రెప్పపాటు విరామం లేకుండా పంపినా బయటికి పోగలిగేది 324 గిగాబైట్లు. 100 మెగాబిట్ల పోర్టు, అంటే సర్వర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే ద్వారం, నెలంతా నిండుగా పారినా 32.4 టెరాబైట్లు దాటదు. నెలసరి పరిమితిని ఎవరైనా కాగితం మీద కొట్టివేయవచ్చు గాని, పోర్టు విధించే పరిమితి ఆ కొట్టివేతను ఖాతరు చేయదు. కాబట్టి కొనుగోలుదారు అడగవలసినవి రెండే ప్రశ్నలు: పోర్టు వేగం ఎంత, దాన్ని ఎన్ని సైట్లు పంచుకుంటున్నాయి? పెద్ద అక్షరాల ప్రకటనలో ఈ రెండింటికీ తరచుగా చోటు దొరకదు. బహుశా ఉచిత డొమైన్ పేరు గురించి చెప్పడానికే స్థలం సరిపోయి ఉంటుంది.

"అన్‌లిమిటెడ్ మీల్స్" అని బోర్డు పెట్టిన హోటలు యజమానిని ఇక్కడ సాక్ష్యానికి పిలవడం పరిపాటి. ఆయన ధైర్యం మనిషి పొట్ట మీద ఆధారపడినది. ఎంత భోజనప్రియుడైనా నాలుగోసారి అన్నానికి చేయి అడ్డం పెడతాడు. వెబ్‌సైటుకు అటువంటి పొట్ట లేదు. అందువల్ల హోస్టింగ్ సంస్థ తన నమ్మకాన్ని వేరొకచోట పెట్టుకుంది: అమ్మిన సైట్లలో అత్యధిక భాగాన్ని ఎవరూ చూడరు. పాఠకులు లేకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి; పాఠకులు రావడం ఒప్పంద ఉల్లంఘన.

ఇందులో ఇంకో చమత్కారముంది. ఖాతాదారుకు కొలత లేకుండా అమ్మే ఈ సరుకును పై నెట్‌వర్క్‌ల వద్ద కొనేటప్పుడు సాధారణంగా కొలిచే కొంటారు. అక్కడ వాడుకలో ఉన్న ఒక పద్ధతి ప్రకారం ప్రతి 5 నిమిషాలకొకసారి వేగాన్ని నమోదు చేసి, నెలకు వచ్చే 8,640 నమూనాలలో అత్యధికమైన 5 శాతాన్ని, అంటే సుమారు 36 గంటల రద్దీని, విడిచిపెట్టి, మిగిలినవాటిలో పైదానికి బిల్లు వేస్తారు. టోకున గ్రాములతో సహా తూచి తెచ్చుకున్నది చిల్లరకు వచ్చేసరికి అనంతమైపోతుంది.

ఆ అనంతం ఎక్కడ ముగుస్తుందో నిబంధనల పత్రం చెబుతుంది. డేటాకు పరిమితి లేదు. అయితే ఫైళ్ల సంఖ్యకు, అంటే ఐనోడ్లకు, ఉంది. ప్రాసెసర్ సమయానికి ఉంది, మెమరీకి ఉంది, ఒకే క్షణంలో సైటు నడపగల ప్రక్రియలకు ఉంది. ఈ చివరిది చాలాచోట్ల 20 దగ్గరే ఆగుతుంది. ఒక్కొక్క పేజీని తయారు చేయడానికి సర్వర్‌కు 2 సెకన్లు పడితే, ఆ లెక్కన సెకనుకు 10 పేజీలకు మించి వెలువడవు. వీటన్నిటికీ మించి, వినియోగం "సాధారణ వెబ్‌సైటు" స్థాయిలో ఉండాలన్న వాక్యం ఒకటి ఉంటుంది. సాధారణం ఎంతో నిర్ణయించే అధికారం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

పరీక్షా ఫలితాల రోజున ఒక జూనియర్ కళాశాల సైటును తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఏడాదిలో మూడు వందల అరవై రోజులు దాని గడప తొక్కేవారుండరు, కనుక అది ఆదర్శ ఖాతాదారు. ఆనాడు ఒకే సెకనులో యాభై మంది 2 మెగాబైట్ల పేజీని కోరితే, 800 మెగాబిట్లు పంపవలసి వస్తుంది. ఆ సైటు వంతుకు వచ్చిన వేగం 10 మెగాబిట్లైతే, మరెవరూ రాకున్నా ఆ యాభై మందికే 80 సెకన్లు పడుతుంది. నెలసరి అపరిమితత్వం మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ చెక్కు చెదరకుండా ఉంటుంది.

సైటు కూలినప్పుడు కనబడే సంఖ్యలకూ ఒక చరిత్ర ఉంది. వెనుకటి ప్లాన్లలో నెలసరి కోటా అయిపోతే 509 అనే సంకేతం, "బ్యాండ్‌విడ్త్ పరిమితి దాటింది" అన్న మాటతో వచ్చేది. అది ఏ ప్రామాణిక పత్రంలోనూ లేనిది, హోస్టింగ్ లోకం తానుగా కల్పించుకున్నది. పరిమితి లేదన్నాక ఆ మాట చెప్పడం బాగుండదు కనుక, ఇప్పుడు అనేక షేర్డ్ సర్వర్లలో "వనరుల పరిమితి చేరింది" అంటూ 508 వస్తోంది. ప్రమాణాలలో 508కి అప్పటికే మరో అర్థం ఉంది: అభ్యర్థన ఎక్కడికీ చేరకుండా గుండ్రంగా తిరుగుతోందని. ఫిర్యాదు చేసిన ఖాతాదారును సహాయ విభాగం సైటులోని ప్లగిన్లను తీసివేయమని పంపుతుంది. తీసివేసి తిరిగి వస్తే, సైటు తయారుచేసిన వ్యక్తిని సంప్రదించమంటుంది. ఆ వ్యక్తి మళ్ళీ సహాయ విభాగానికే వెళ్ళమంటాడు. అప్పుడు అక్కడివారు పై ప్లానుకు మారమని సలహా ఇస్తారు, అందులోనూ బ్యాండ్‌విడ్త్ అపరిమితమే.