హిమపాత ప్రకటనకు టీకా తాత్పర్యం

అవతారిక: వాషింగ్టన్‌లో మంచు కురిసిన నాడు అమెరికా ఫెడరల్ ఉద్యోగులు ఆఫీసుకు రావాలో వద్దో తేల్చేది ఓపీఎం అనే సిబ్బంది వ్యవహారాల సంస్థ. అది వెలువరించే ప్రకటన పొట్టిదే గాని సూత్రప్రాయం గనుక, వ్యాఖ్య లేనిదే మందమతులకు, అందునా తెల్లవారుజామున నిద్రకళ్ళతో ఫోను చూసేవారికి, బోధపడదు.

మూలం, సారరూపంలో: ఆఫీసులు తెరిచే ఉన్నాయి, రెండు గంటలు ఆలస్యంగా రావచ్చు, ముందు చెప్పని సెలవుకూ, ఇంటి నుంచి పనికీ వీలుంది.

ప్రతిపదార్థం: తెరిచే ఉన్నాయి = మూయలేదు, అనగా ఊరకే జీతం రాదు; రెండు గంటలు = మంచు తోసే బండ్లు ఉప్పు చల్లుకుంటూ పోవడానికీ, రాత్రి గడ్డకట్టి తారు రంగులోనే కలిసిపోయిన పలుచని మంచుపొర కొంతైనా కరగడానికీ ఇచ్చిన వ్యవధి; ఆలస్యం = ఎవరి వేళ మీద వారికి లెక్క, కనుక ఏడింటి మనిషికి తొమ్మిది, తొమ్మిదింటి మనిషికి పదకొండు; ముందు చెప్పని సెలవు = అనుమతికై ఎదురుచూడక, పై అధికారికి కబురు మాత్రం పంపి పెట్టుకునేది. ఈ సెలవు సర్కారు ఇచ్చేది కాదు, ఉద్యోగి తన ఖాతాలో కూడబెట్టుకున్నదే. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం లోకవిదితం. ఇక్కడ ఆ దానం అత్తకే జరుగుతున్నది.

పూర్వపక్షం: తెరిచి ఉన్నాయంటూనే రాకపోయినా సరే అనడం విరుద్ధం కాదా? కాదు, ఇది విరోధాభాసం. వస్తే జారిపడే భయం ఉద్యోగిది, రాకపోతే తరిగే సెలవూ ఉద్యోగిదే గనుక, నిర్ణయభారం చల్లగా అతని మీదికి జరిగిందన్నమాట. ఈ జాగ్రత్తకు చరిత్ర ఉంది. 2010 ఫిబ్రవరిలో వరుసగా 4 పనిదినాలు అక్కడి ఫెడరల్ ఆఫీసులు మూతపడ్డాయి. 2011 జనవరి 26న ఉద్యోగులను 2 గంటలు ముందుగా వదిలితే, మంచు ముదిరే వేళకు అందరూ ఒక్కసారే రోడ్డెక్కి, ఎందరో అర్ధరాత్రి దాకా కార్లలోనే ఉండిపోయారు. ముందుగా వదలడం కూడా ఆలస్యంగా జరగవచ్చునని ఆ రోజు రుజువైంది.

విశేషం: ఇంటి నుంచి పనిని ప్రోత్సహించే చట్టం 2010 డిసెంబరులో వచ్చింది. ఆ చట్టం కింద ఇంటి నుంచి పనికి ఒప్పందం రాసుకున్నవారికి రెండు గంటల సడలింపు సాధారణంగా వర్తించదు, ఎందుకంటే మంచం నుంచి బల్ల దాకా మంచు కురవదు. ఆఫీసులు పూర్తిగా మూసినా వారికి పని తప్పదు. పైగా తుఫాను వస్తుందని తెలిసీ ల్యాప్‌టాప్‌ను ఆఫీసులోనే వదిలి వచ్చినవారికి వాతావరణ సెలవు, అనగా సర్కారే జీతంతో ఇచ్చేది, దక్కడం కష్టం. కనుక ముందురోజు సాయంత్రం బరువైన సంచీలతో మెట్రో ఎక్కేవారిని చూసి వారిది కార్యదీక్ష అని భ్రమించరాదు.

ఇక ఎమర్జెన్సీ ఉద్యోగులు, అనగా ఏ తుఫానులోనైనా రావలసిందేనని ముందే నియమితులైనవారు. వేరే ఆదేశం లేకపోతే వీరు మామూలు వేళకే హాజరు కావాలి. రోడ్డు బాగుపడేదాకా ఆగమని ప్రకటన అందరికీ గడువిచ్చి, ఇంకా బాగుపడని రోడ్డు మీద బండి నడపవలసిన వీరికి మాత్రం ఇవ్వలేదు. ఈ లోపాన్ని ఏ టీకాకారుడూ సమర్థించలేడు.