నాన్నగారి నమూనా

పిల్లల బుర్రలో మెరిసిన ఆలోచనకు నమూనా చేసుకోమని, ‘ఇన్‌స్పైర్ మానక్’ పథకం కింద ఎంపికైనవారికి కేంద్రం 10 వేల రూపాయలిస్తోంది. మంచిదే. జిల్లా ప్రదర్శనలో ఆ నమూనాల బల్లల దగ్గరకెళ్లి చూడండి మరి. అంధులకు సెన్సరు కర్ర, చెయ్యి చూపితే తెరుచుకునే చెత్తబుట్ట, తడి చూసి ఆగిపోయే పొలం మోటారు... ఏటా ఇవే మెరుపులు! ‘ఇందులో ఆర్డుయినో సర్క్యూట్ బోర్డు దేనికమ్మా?’ అని జడ్జిగారు అడిగితే పాప నాన్న వంక చూస్తుంది. నాన్న సైన్సు సారు వంక. సారేమో హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కిట్టు కొన్న బిల్లు కోసం జేబులు తడుముకుంటారు. అట్ట మీద రంగుకాగితం అంటించింది మాత్రం అచ్చంగా పాపే, కాస్త వంకరగా. జడ్జిగారు మార్కులు కోసింది అక్కడే: ‘నీట్‌నెస్ లేదు’!