కాలని కాగితంలో కమ్మని వెన్న

పెద్దాపురంలో మా బాబాయికి నెయ్యి పరీక్షించడానికి ల్యాబు అక్కర్లేదు. చేతి మీద రాసి వాసన చూస్తారు, పూస కట్టిందో లేదో గిన్నె వంచి చూస్తారు, తీర్పు చెప్పేస్తారు. అంతటి నిపుణుడి కూతురు డాలస్‌లో సూపర్‌మార్కెట్ వెన్న కొని నెయ్యి కాచుకుంటోంది. ‘అమెరికా సరుకు, కల్తీ ఎందుకుంటుంది’ అని దానికి మాత్రం వాసన చూడకుండానే మార్కులు వేసేశారు.

ఆ డాలస్‌లోనే ఆర్నాల్డ్ షెక్టర్ అనే ఆచార్యుడి బృందం పది వెన్న నమూనాలు కొని పరీక్షించి, 2010 చివర్లో ఫలితం బయటపెట్టింది. ఒకదాంట్లో పీబీడీఈలు మిగతా తొమ్మిదింటి సగటుకు 135 రెట్లు! టీవీ డబ్బాలూ సోఫాలూ నిప్పంటుకోకుండా కలిపే రసాయనాలవి. ఆవు టీవీ తిన్న దాఖలా లేదు. వెన్న చుట్టిన కాగితంలో చూస్తే, వెన్నలో ఉన్నదానికి 16 రెట్లకు పైగా. ఈ రసాయనాలకు కొవ్వంటే ప్రాణం. కాగితం నుంచే వెన్నలోకి దిగి ఉంటాయని వాళ్ల అనుమానం.

సంగతి చెబితే బాబాయి ముఖం వెలిగిపోయింది.

“అయితే పొయ్యి మీద మర్చిపోయినా నెయ్యి మాడదన్నమాట!”

“మాడుతుంది బాబాయ్. ఉన్నది నానోగ్రాముల్లో. మంట ఆపడానికి చాలదు, ఒంట్లోకి పోవడానికి చాలు.”

“పోనీలేరా, మనకి చట్టాలున్నాయి కదా.”

ఉన్నాయి. 2018 మార్చిలో కేంద్రం ఏడు పద్దుల రసాయనాలను నిషేధించింది. పీబీడీఈల కుటుంబంలోంచి టెట్రా, పెంటా, హెక్సా, హెప్టా దొరికిపోయాయి. ఆ వెన్నలో ముఖ్యంగా కనిపించిన డెకా మాత్రం ఆ జాబితాలో లేదు. అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని అంతకు ముందు ఏడాదే నిషేధాల్లో చేర్చింది. తమ్ముళ్లను స్టేషన్‌కు ఈడ్చుకెళ్లి, పెద్దన్నకు కుర్చీ వేసి టీ ఇప్పించినట్టుంది వ్యవహారం.

చుట్టే కాగితానికీ మన దగ్గర రూలుంది. తినేవి వార్తాపత్రికల్లో కట్టకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల్లోనే రాసింది. సిరాలో సీసం లాంటి లోహాలుండొచ్చని 2023 సెప్టెంబరులో మళ్లీ హెచ్చరించింది. ఆ హెచ్చరికను పత్రికలన్నీ శ్రద్ధగా అచ్చేశాయి. ఆ ప్రతుల్లో ఎన్ని బజ్జీల బండ్లకు చేరాయో మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు.

సాయంత్రం మరిడమ్మ గుడి వైపు వెళ్తే బాబాయి ఓ బజ్జీల బండి దగ్గర విచారణ జరుపుతున్నారు.

“నూనె ఎప్పటిది?”

“ఆయ్, ఇయ్యాల్టిదేనండి.”

“శనగపిండి?”

“ఆడించిందేనండి బాబూ.”

తృప్తిపడి, వేడివేడి మిరపకాయ బజ్జీల పొట్లం విప్పారు. నూనెకు తడిసిన కాగితంలో రాశిఫలాలు అద్దంలా కనిపిస్తున్నాయి. మేషరాశి వారికి ఈ వారం ఆరోగ్యం దివ్యంగా ఉంటుందట. బాబాయిది మేషమే. ఇంకో నాలుగు వెయ్యమన్నారు.