చార్టుల మాస్టారు

ఫిబ్రవరి మూడో వారం వచ్చిందంటే చార్టుల మాస్టారి స్కూటరు వెనక థర్మకోల్ షీటు ఎక్కుతుంది. టౌన్లో కొని, తాడుతో అడ్డంగా కట్టుకుని కాలవ గట్టు మీద వస్తుంటే గాలి ఆ షీటును తెరచాప చేసేస్తుంది. బండి ఒక పక్కకీ మాస్టారు ఒక పక్కకీ లాగుతుంటారు. గాలికి బలం ఉందన్న సంగతి ఆయనకి ఏటా మోచెయ్యి గీసుకుపోయేంతగా రుజువవుతుంది. మూడో తరగతిలో గాలి పాఠం వచ్చినప్పుడు మాత్రం ఈ ముచ్చట చెప్పరు. పుస్తకంలో లేదు కదా!

ఈయన ఫలానా ఊరివాడని చెప్పక్కర్లేదు. మండలానికి ఒకరైనా ఉంటారు. మంచివారు, ఓపికమంతులు, సెలవు పెట్టని మనిషి. ఒకటే బలహీనత: సైన్సు అంటే శాస్త్రవేత్తలు, శాస్త్రవేత్తలంటే చార్టులు. స్టేషనరీ షాపులో వరసలు వరసలుగా ఫోటోలు అచ్చేసి అమ్మే షీటు కొంటారు. కత్తెరతో కత్తిరించి, ఒక్కో తలకాయనీ ఒక్కో చార్టుకి అంటిస్తారు. కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో జననం, మరణం, తల్లిదండ్రులు. అన్నిటికన్నా కింద, చోటు మిగిలితే, 'కనుగొన్నది'.

న్యూటన్: గురుత్వాకర్షణ. ఎడిసన్: బల్బు. సి.వి. రామన్: రామన్ ఎఫెక్టు. ఆ గోడ చూస్తే లోకంలో ఎవరివో వస్తువులు పోయినట్టూ, వీళ్ళంతా వెతికి తెచ్చిచ్చినట్టూ ఉంటుంది.

"రామన్ ఎఫెక్టు అంటే ఏంటండీ?" అని నాలుగో తరగతి పిల్ల అడిగింది.

"రామన్ గారు కనుగొన్న ఎఫెక్టు," అన్నారు మాస్టారు. ఆ పిల్ల రాసుకుంది కూడా.

నిజానికి అది పిల్లలకి చెప్పలేనంత బ్రహ్మవిద్యేం కాదు. ఒకే రంగు వెలుగును తేట ద్రవంలోకి పంపితే, లోపల చెదిరిన వెలుగు చాలామట్టుకు అదే రంగుతో బయటికొస్తుంది. రవ్వంత మాత్రం రంగు మార్చుకుని వస్తుంది. ఆ రవ్వంతే 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్‌కి దొరికింది. 1930లో నోబెల్ తెచ్చింది. 1987 నుంచి దేశమంతా ఆ తారీకున సైన్సు దినోత్సవం చేస్తోంది, మన మాస్టారి చేత థర్మకోల్ మోయిస్తోంది. రామన్ చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. వాళ్ళ నాన్నగారు అక్కడి ఏవీఎన్ కాలేజీలో లెక్చరరు. మాస్టారికి ఇది మహా ఇష్టమైన సంగతి. "మనోడే!" అని ఆగిపోతారు. 1921లో ఓడలో వస్తూ మధ్యధరా సముద్రం ఎందుకంత నీలంగా ఉందని ఆయన బుర్ర బద్దలు కొట్టుకున్న సంగతి దాకా వెళ్ళరు. వెనక బెంచీ కుర్రాడు మాత్రం తనంతట తానే అక్కడిదాకా వెళ్ళాడు. "సముద్రం నీలంగా ఉంటది గదండీ, బకెట్లో ముంచితే తెల్లగా ఉంటదేంటండీ?"

"సిలబస్‌లో లేదు, కూర్చో."

మాస్టారి శాస్త్రవేత్తలందరూ బీదవాళ్ళే, అందరూ వీధిదీపం కిందే చదువుకున్నారు. ఇంటినిండా పుస్తకాలున్న లెక్చరరు గారబ్బాయి రామన్‌ని కూడా ఆయన నిర్దాక్షిణ్యంగా వీధిలో కూర్చోబెట్టేశారు. ఎడిసన్ వంతు వచ్చేసరికి ఒక చిక్కొచ్చింది.

"బల్బు ఆయనే కనిపెట్టాడు గదండీ. మరి చిన్నప్పుడు వీధిదీపం ఎక్కడిదండీ?"

గ్యాసు దీపాలనేవి ఉండేవని మాస్టారికి ఆ క్షణాన తట్టలేదు. కానీ ఇరవయ్యేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా? "లేకే కదరా కనిపెట్టాడు!" అన్నారు.

యాపిల్ సంగతీ అంతే. న్యూటన్ ముసలితనంలో తోటలో టీ తాగుతూ మిత్రుడు స్టూక్లీతో, పండు రాలడం చూసి ఆలోచన వచ్చిందని చెప్పాడట. స్టూక్లీ అది రాసిపెట్టాడు. పండు నెత్తిన పడిందని రాయలేదు. మాస్టారి కథలో మాత్రం టప్‌మని నడినెత్తిన పడాల్సిందే. "మా తాత మీద కొబ్బరికాయ పడిందండీ. ఏమీ తెలీలేదండీ, ఆరు కుట్లు పడ్డాయంతే," అని ముందు బెంచీవాడు సాక్ష్యం చెప్పాడు.

ఒకరోజు ట్రైనింగులో చెప్పారని, శాస్త్రవేత్త బొమ్మ గీయమన్నారు. ఇరవై ఆరుమందీ తెల్లకోటు, కళ్ళద్దాలు, చెదిరిన జుట్టున్న మగమనిషినే గీశారు. ఇందులో మన పిల్లల తప్పేమీ లేదు. డేవిడ్ వేడ్ చాంబర్స్ అనే ఆయన ఐదో తరగతి దాకా పిల్లల చేత ఇలాగే గీయించి 1983లో లెక్క ప్రచురించాడు. 4,807 బొమ్మల్లో ఆడవాళ్ళు 28 మంది. ఆ ఇరవై ఎనిమిదీ ఆడపిల్లలు గీసినవే. మాస్టారి గోడ మీద కూడా మేడమ్ క్యూరీ ఒక్కరే. వాతావరణ పరికరాలతో జీవితం గడిపిన అన్నా మణి, చెరకు జాతుల మీద పనిచేసిన జానకీ అమ్మాళ్ అక్కడ లేరు. ఆయనకి ద్వేషం ఏమీ లేదు, ఆ షీటులో వాళ్ళ ఫోటోలు రాలేదు, అంతే.

ఇలా సాగిపోతుండగా బోదకాలు మాత్రలు వచ్చిపడ్డాయి.

ఆశా వర్కరు మధ్యాహ్నభోజనం అయ్యాక వచ్చి, ఎదురుగా నిలబడి ఒక్కొక్కరి చేతా మింగిస్తోంది. మింగకుండా బుగ్గలో దాచినవాణ్ణి నోరు తెరిపించి మరీ చూస్తోంది. ఆ గొడవలో నీలం సముద్రం కుర్రాడు అడిగాడు: "ఈ బిళ్ళ ఎవరు కనిపెట్టారండీ?"

ఆ రాత్రి మాస్టారు ఫోన్లో వెతికారు. డైఇథైల్‌కార్బమజైన్. 1940లలో అమెరికాలో లెడర్లీ సంస్థ నుంచి వచ్చింది. అక్కడ పరిశోధనలు నడిపించినది ఎల్లాప్రగడ సుబ్బారావు. మాస్టారు లేచి కూర్చున్నారు. గోడ మీద ఏడో చార్టు! జననం 12-1-1895, భీమవరం. కనుగొన్నది: మందులు. ఆరేళ్ళుగా ఆ చార్టు కింద కూర్చునే ఆ మందు మింగిస్తున్నారు.

మర్నాడు ఉత్సాహం పట్టలేక ఎన్నడూ చెప్పనివన్నీ చెప్పేశారు. సుబ్బారావు పదమూడేళ్ళప్పుడు యాత్రికులకి అరటిపళ్ళమ్మి డబ్బు గడిద్దామని కాశీకి బయల్దేరి ఇంట్లోంచి పారిపోయాడు. వాళ్ళమ్మ పట్టుకొచ్చింది. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. ఇన్నాళ్ళూ పిల్లలు చెడిపోతారని దాచిపెట్టిన సరుకిది. క్లాసు అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. వీధిదీపం ఊసే రాలేదు.

"మరి బోదకాలు ఏ దోమ కుడితే వస్తదండీ?" దీనికి జవాబు బోరింగు వెనక తొట్టిలో ఉంది. హార్లిక్స్ సీసాతో ముంచి తెచ్చారు. దోమపిల్లలు తోక నీటిమట్టానికి ఆనించి, తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతున్నాయి. క్యూలెక్సు, బోదకాలు మోసే రకం. మలేరియా దోమ పిల్లలైతే నీటి పైనే అడ్డంగా పడుకుంటాయి. మాస్టారు సీసా మూతికి పాత పంచె ముక్క కట్టి రబ్బరుబ్యాండు వేశారు. ఇరవై ఆరు తలలు ఆ సీసా చుట్టూ మూగాయి. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూసిన సంగతి కూడా చెప్పారు. హుసేన్‌ఖాన్ అనే రోగి తన ఒంటి మీద దోమల్ని వదలనిచ్చి, కుట్టిన దోమకి అణా చొప్పున పుచ్చుకున్నాడట.

"అణా అంటే ఎంతండీ?"

"ఆరు పైసలు."

"మా నాన్న రాత్రంతా అరుగు మీదే పడుకుంటాడండీ. పొద్దుటికి ఎంతవుద్దండీ?" ఆ పూట లెక్కల పీరియడ్ దానికే సరిపోయింది. నాలుగో రోజున రబ్బరుబ్యాండు తెగి, రాని పాఠం కూడా వచ్చింది. హెడ్మాస్టారు కిటికీలు తీయించి, బెంచీ కింద కాళ్ళు గోక్కుంటూ సీసాని బయట పెట్టించారు.

ఇరవై ఎనిమిదో తారీకున వేషాలు. ఏడుగురు ఐన్‌స్టీన్లు, దూది మీసాలతో. ముగ్గురు కలాములు. ఆడపిల్లలంతా మేడమ్ క్యూరీలు, నలుగురివి అమ్మల తెల్ల చున్నీలు. ముఖ్య అతిథి ఎంఈఓ గారు. వరసలో చివర నీలం సముద్రం కుర్రాడు నిలబడ్డాడు. మామూలు నిక్కరు, మామూలు చొక్కా, చంకలో ఓ అత్తం అరటిపళ్ళు.

"నువ్వెవర్రా?" అన్నారు ఎంఈఓ గారు.

"సుబ్బారావునండి. కాశీ వెళ్తన్నానండి."

ఆయన చార్టుల మాస్టారి వైపు చూశారు. మాస్టారు చెమట తుడుచుకుంటూ ఏడో చార్టు వైపు చూశారు.

"అయితే అత్తం ఎంతకిస్తావు?"

"అమ్మితే మాయమ్మ తంతదండి. ఊరికే తీసుకోండి."

బహుమతులు చదివేసరికి అత్తంలో రెండు పళ్ళు మిగిలాయి. ఫస్టు ప్రైజు, ఆఖరిదాకా మీసం ఊడని ఐన్‌స్టీన్‌కి వచ్చింది.