మనుషులు మారినా మారని అరలు

అబ్బాయ్, ఆఫీసు గోడకు నాచు అతికించి పర్యావరణం అంటే నేను ఒప్పుకోను. మెల్‌బోర్న్ శివారులోని మా కేరమ్ డౌన్స్‌లో షెడ్లకూ గోదాములకూ కొదవలేదు. అలాంటి చోటును గదులుగా విడగొట్టి నలుగురు చిన్న వ్యాపారులు పంచుకోవడం మంచి పనే. కానీ అద్దెకున్నవాడు మారినప్పుడల్లా జరిగే విధ్వంసం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడి లీజుల్లో చాలావాటికి ‘మేక్ గుడ్’ అని ఓ షరతు ఉంటుంది. ఖాళీ చేసేవాడు తాను పెట్టించినవన్నీ పీకేసి, మొదట ఉన్నట్టు అప్పజెప్పాలి. జిప్సం గోడలు, కార్పెట్టు, నిక్షేపంలాంటి బల్లలు, అన్నీ చెత్తబిన్నులోకే! తర్వాత వచ్చినవాడు మళ్ళీ అవే కొనుక్కొస్తాడు.

మా రోజుల్లో కర్నూలు బజారు కొట్లలో గోడలోకి దిగేసిన కడప బండల అరలుండేవి. బట్టల కొట్టు పోయి మందుల షాపు వచ్చేది, అదీ పోయి పుస్తకాలవాడు వచ్చేవాడు, అరలు మాత్రం అవే. కింద బేతంచర్ల బండలు నడిచేకొద్దీ నునుపు తేలేవి. కొత్తవాడు గోడలకు సున్నం వేయించి, గుమ్మానికి మామిడాకులు కట్టి బేరం మొదలెట్టేవాడు. ఎండాకాలం వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లితే, ఆ వాసనకే కొననివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. ఉక్కపోత లేదనను. మే నెలలో గుమాస్తాల చేతిలో విసనకర్ర ఆగేది కాదు.

సిమెంటు కోసం సున్నపురాయి కాల్చినప్పుడు, అల్యూమినియం తీయడానికి కరెంటు తగలేసినప్పుడు లేచే కర్బనం, నువ్వు ఆఫీసు తెరవకముందే గాలిలో కలిసిపోతుంది నాయనా. తర్వాత ఎన్ని ఎల్‌ఈడీ దీపాలు పెట్టినా అది వెనక్కి రాదు. అందుకే ఉన్నదాన్ని ఉంచుకోవాలంటాను.

ఈ కాలంవాళ్ళూ బుద్ధిగా చేసిన పని ఒకటుంది, చెప్పకపోతే పాపం. మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ 2006లో తెరిచిన కౌన్సిల్ హౌస్ 2 అనే ఆఫీసు భవనానికి పడమటివైపు పాత కలపతో చేసిన రెక్కలున్నాయి, ఎండను బట్టి తిరుగుతాయి. వేసవి రాత్రుళ్ళు కిటికీలు తెరిచి, చల్లగాలితో కాంక్రీటు కప్పును చల్లబరుస్తారు. పది అంతస్తులు లేపి, ఇంజనీర్లు చివరికి మన తడికె దగ్గరికే వచ్చారు!

నువ్వు లీజు రాసుకునేటప్పుడే ఆ పీకుడు షరతు గురించి యజమానితో గట్టిగా మాట్లాడు. గోడల్ని జిగురుతో కాదు, మరలతో బిగించు, విప్పి మరోచోట పెట్టుకోవచ్చు. వచ్చేవాడికి ఏం పనికొస్తుందో అడిగి వదిలిపెట్టు. అంతకీ ఆ బల్లలు ఎవరికీ వద్దంటే నాకు ఫోన్ చెయ్యి, బిన్ను లారీ వచ్చేలోపు నేనొస్తా.